ఏడో సీసా

"గాటుగానే ఉందిరా బాబూ," అంది శివపార్వతి.

అది అయిదో సీసా. సంజీవ్ వంటింటి గట్టుకు ఆనుకుని నోటుబుక్కులో 'సీసా 5, ఘాటు, మార్పు లేదు' అని రాసుకున్నాడు. గడియారంలో ఎనిమిదీ యాభై. తొమ్మిదింటికి ఆఫీసు కాల్ మొదలవుతుంది. ఈలోగా తల్లి చేత రెండు దమ్ములు పీల్పించి, ఫలితం రాసుకుని, లాప్‌టాప్ ముందుకు పరుగెత్తడం మూడు వారాలుగా అలవాటైపోయింది. కొందరు పొద్దున్నే సూర్యనమస్కారాలు చేస్తారు. ఇతను ఇది చేస్తున్నాడు.

"గొంతులోనా అమ్మా, ఛాతీలోనా?"

"నోట్లోకి రాగానేరా. మంటలాగ."

"గొంతు దిగాక?"

"గొంతు దాకా ఎల్లనిస్తే గదా," అంది ఆవిడ. చేతిలోని వేప్‌ను, అదే ఎలక్ట్రానిక్ సిగరెట్టును, తిప్పి తిప్పి చూసింది. బొటనవేలంత నల్లటి గొట్టం, దాని మూతి దగ్గర ద్రవం పోసుకునే చిన్న డబ్బీ. దాన్ని చీరకొంగుతో తుడిచి, కుళాయి పక్కన జాగ్రత్తగా నిలబెట్టింది. తర్వాత నాలుక పైకి నొక్కి కళ్లు మూసుకుంది.

సంజీవ్ గీసుకున్న పట్టికలో గొంతుకీ ఛాతీకీ గళ్లు ఉన్నాయి, నోటికి లేదు. ఇంటర్నెట్‌లో ఈ విద్య తెలిసినవాళ్లంతా గొంతు పట్టడం గురించే రాశారు మరి. అతను గొంతు గడిలో టిక్కు పెట్టాడు.

అతని వృత్తే తప్పులు పట్టడం. లండన్ పక్కన వాట్‌ఫర్డ్‌లో, దుకాణాలకు కార్డు చెల్లింపుల సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలో టెస్టర్. పదమూడేళ్లుగా ఇతరులు రాసినదాంట్లో ఏది ఎక్కడ చెడిందో వెతికి చెప్పి, వాళ్ల చేత తిట్లు తిని జీతం తెచ్చుకుంటున్నాడు. ఆ పనిలో మొదటి నియమం ఒకసారికి ఒక్కటే మార్చడం. రెండు మార్చావా, ఏది కుదిర్చిందో ఏది చెడగొట్టిందో ఇక బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. అందుకని మొదటి సీసా మామూలు పాళ్లలో కలిపాడు. పల్చటి గ్లైకాల్ సగం, చిక్కటి గ్లిజరిన్ సగం, నికోటిన్ కొంచెం, పొగాకు వాసన నాలుగు చుక్కలు. ఘాటు. రెండో దాంట్లో నికోటిన్ సగానికి తగ్గించాడు. ఘాటు. గొంతు పట్టేది గ్లైకాలేనని చదివి, మూడో దాంట్లో దాన్ని తగ్గించి గ్లిజరిన్ పెంచాడు. ఘాటే. నాలుగో దాంట్లో పొగాకు వాసన తీసేశాడు. "సప్పగా ఉంది, మళ్లీ గాటుగానూ ఉంది" అందావిడ. అప్పుడు నికోటిన్ బుడ్డి మీద అనుమానం వచ్చింది. రేడియేటర్ పక్క అలమరలో పెట్టినందుకు అది వేడికి టీ రంగు తిరిగింది. కొత్త బుడ్డి తెప్పించి అయిదోది కలిపాడు. ఇదిగో, అదీ ఇంతే.

అన్నిటికన్నా అతనికి ఒళ్లుమండే విషయం మరొకటి ఉంది. ఈవిడేమీ పొగ ఎరగని మనిషి కాదు. శ్రీకాకుళం సముద్రపు గాలిలో, నలభై ఏళ్లు, అడ్డపొగ కాల్చిన మనిషి. చుట్ట వెలిగించి, నాలుగు దమ్ములు లాగి, నిప్పున్న కొసను నోట్లోకి తిప్పి పెదాలు మూసేస్తే, ఇక ఆ నిప్పు గాలికి ఆరదు. నోట్లో నిప్పుతోనే కళ్లాపి చల్లేది, నోట్లో నిప్పుతోనే జీడిపిక్కలు ఒలిచేది. అలాంటి నోటికి ఈ తియ్యటి ఆవిరి ఘాటట.

"రేపు ఇంకోటి చూద్దాం," అన్నాడు.

"నీకెందుకురా ఈ తిప్పలు," అంది శివపార్వతి. కాఫీ గ్లాసు అందుకుని, ఊది ఊది, ఇంకా చల్లారలేదని మళ్లీ గట్టు మీద పెట్టేసింది. అతను అప్పటికే హాల్లోకి వెళ్లి హెడ్‌ఫోన్ పెట్టుకుంటున్నాడు.

*

సాయంత్రం వైదేహి ఆఫీసు నుంచి వచ్చేసరికి అత్తగారు నేల మీద పేపరు పరుచుకుని గోరుచిక్కుళ్లు తుంపుతోంది. కుర్చీలో కూర్చోమని అయిదు నెలలుగా చెప్పి చెప్పి వైదేహి మానేసింది. కౌన్సిల్ ఆఫీసులో ఇళ్ల అర్జీల విభాగంలో పని ఆమెకు. రోజంతా పరాయివాళ్ల గోడ చెమ్మల గురించి, ఊడిన పైపుల గురించి వినివిని వస్తుంది. ఇంటికి వచ్చాక ఎవరు ఏం చెప్పినా "చూద్దాం" అనడం ఒక రోగంలా పట్టుకుంది.

"ఈ మిసను ఉంది సూడు వైదేహమ్మా, దీనితో ఒక సెయ్యి పోనాది," అంది శివపార్వతి పక్కనున్న వేప్‌ను కళ్లతో చూపించి. "సుట్టయితే నోట్లో అలగ పడుంటాది. రెండు సేతులూ కాళీ. దీన్ని పట్టుకోవాల, పీల్చాల, మళ్లీ దించాల. పనెలగ సేస్తారో ఈ దేశపోల్లు."

"పని చేసేటప్పుడు కాల్చరు అత్తయ్యా. పని మానేసి బయటికెళ్లి కాలుస్తారు."

"అదీ బాగుంది," అని నవ్వబోయి, ఎందుకో మధ్యలో పెదాలు మూసుకుంది శివపార్వతి.

ఆవిడ సూట్‌కేసులో తెచ్చుకున్న చుట్టల కట్టలు డిసెంబరులోనే అయిపోయాయి. అయిపోకపోయినా ఆపించాల్సి వచ్చేదే. కూతురు నీహారికకు ఆస్తమా. క్లినిక్కులో నర్సు పాప ఊపిరి కొలిచి, ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా అని అడిగితే వైదేహి నేల చూపులు చూడాల్సి వచ్చింది. అత్తగారిని ఒక్క మాట అనలేదు. భర్తను మాత్రం కారెక్కిన దగ్గర్నుంచి ఇల్లు చేరేదాకా అంది. దుకాణంలో కొన్న వేప్ ద్రవాలన్నీ మామిడిపండు, పుదీనా, చూయింగ్‌గమ్ వాసనలు. "జలుబు మందు తాగినట్టుంది" అంది శివపార్వతి. అలా సంజీవ్ ఇంట్లోనే సీసాలు కలపడానికి దిగాడు. నికోటిన్‌ను తాళం వేసిన డబ్బాలో పెట్టి అలమర పై అరలో దాస్తాడు, చేతికి గ్లోవ్స్ తొడుక్కుని, సిరంజితో కొలుస్తాడు. కొత్తల్లుడికి వండినంత శ్రద్ధగా కలుపుతాడని వైదేహి ఎగతాళి.

అన్నం దగ్గర శివపార్వతి పెరుగూ మెతుకులూ పిసుక్కుని, దాన్ని గంజిలా చేసుకుని తాగింది. గోరుచిక్కుడు వేపుడు వద్దంది.

"అత్తయ్య ఆవకాయ ముట్టి ఎన్నాళ్లయిందో చూశావా?" అంది వైదేహి, ఆవిడ చెయ్యి కడుక్కోవడానికి లేచాక. "మొన్న పప్పులో పచ్చిమిరపకాయ కూడా ఏరి పక్కన పెట్టింది."

"వయసొచ్చింది కదా. కారం పడట్లేదేమో."

"అరవై రెండేళ్లకేనా?"

"నానమ్మ ఈజ్ ఆల్వేస్ హోల్డింగ్ హర్ చీక్," అంది నీహారిక, చపాతీ చుట్టుకుని తింటూ. ఆ పిల్ల తెలుగు అంతా వింటుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే ఇస్తుంది.

"చూద్దాం," అంది వైదేహి. సంజీవ్ ఫోనులో కాయిల్ ధరలు చూస్తున్నాడు. ద్రవం బాగానే ఉన్నా, దాన్ని ఆవిరి చేసే తీగ మాడితే ఘాటు వస్తుందని ఎవరో రాశారు. తనకు ఆ సంగతి ముందే తట్టనందుకు అతను నిజంగా సిగ్గుపడ్డాడు. కాయిల్ కొత్తది వేసి, వేడి తగ్గించి, ఆరో సీసా నింపి పడుకున్నాడు.

*

బుధవారం ఆఫీసుకు వెళ్లాల్సిన రోజు. ఆరో సీసా కూడా ఘాటే. కొత్త కాయిల్, తగ్గించిన వేడి, తొంభై పాళ్లు గ్లిజరిన్, నామమాత్రం నికోటిన్. ఇంతకన్నా మెత్తగా చేస్తే అది ఉత్త ఆవిరి, ఇడ్లీ పాత్ర మూత తీసి పీల్చుకోవచ్చు. సంజీవ్ ఆ సీసానీ వేప్‌నీ బ్యాగులో వేసుకుని బస్సెక్కాడు.

ఆఫీసులో పొద్దున్నే ఒక గొడవ. పోయిన వారం అతను నమోదు చేసిన తప్పును రోహన్ మూసేశాడు. ఎక్కడో ఒక పూలకొట్టు ఆవిడ, సాయంత్రమయ్యేసరికి తన మెషీన్ కార్డులు తీసుకోవడం లేదని మూడుసార్లు ఫిర్యాదు చేసింది. 'నా దగ్గర పనిచేస్తోంది' అని రోహన్ ఒక్క ముక్క రాసి, మూసేసి, చేతులు దులుపుకున్నాడు.

"నీ దగ్గర పనిచేస్తే ఆవిడ దగ్గర పనిచేసినట్టేనా?" అన్నాడు సంజీవ్, అతని బల్ల దగ్గరికి వెళ్లి.

"అన్నా, ఇరవై సార్లు చేసి చూసిన. ఒక్కసారి గూడ ఫెయిల్ కాలే. ఆమెకు వాడుడు రాకపోవచ్చు."

"మూడుసార్లు ఫోన్ చేసింది రోహన్. పనీపాటా లేక చెయ్యదు కదా."

"సరే, ఆమె మెషీన్ తెప్పియ్యమని చెప్త," అన్నాడు రోహన్, వదిలించుకోవడానికి. హైదరాబాద్ కుర్రాడు, మంచివాడే. ఈ వేప్ విద్యలో సంజీవ్‌కు గురువు కూడా అతనే. సిగరెట్లు మానడానికి రెండేళ్లుగా తన సీసాలు తనే కలుపుకుంటున్నాడు.

మధ్యాహ్నం కారు పార్కు పక్కన, పొగరాయుళ్ల కోసం వేసిన రేకు కింద నిలబడి రోహన్ ఆరో సీసాను తన వేప్‌లో పోసి ఒక దమ్ము లాగాడు. కళ్లు మూసుకున్నాడు. ఇంకోటి లాగాడు. తర్వాత శివపార్వతి వేప్ మూతిని టిష్యూతో తుడిచి, దాంతో కూడా లాగి చూశాడు.

"మస్తు స్మూత్ ఉందన్నా. వెన్న లెక్క ఉంది."

"ఘాటు లేదా?"

"గాటు ఏడిది? నాకైతే అసలు ఏం తాగుతున్ననో తెలుస్తలేదు. లిక్విడ్‌ల ఏం లేదు, కాయిల్‌ల ఏం లేదు." వేప్‌ను సంజీవ్‌కు తిరిగిచ్చాడు. "అన్నా, తప్పుగా అనుకోకు. ఆంటీకి చుట్టలే కావాలె గావచ్చు. మా నాయిన గూడ గిట్లనే. ఏ సిగరెట్ తెచ్చిచ్చినా వంక పెట్టేటోడు, బీడీ తెచ్చిస్తే సప్పుడు చెయ్యకపోయేది."

ఆ మాట సంజీవ్ బుర్రలో మేకులా దిగింది. మూడు వారాలు. ఆరు సీసాలు. ఆదివారాలు మూడూ ఈ సిరంజిల మధ్యే గడిచిపోయాయి. అలసట అంతా ఒక్కసారి కోపంగా మారడానికి ఒక్క మాట చాలు, అది దొరికింది.

ఇంటికి వచ్చి బూట్లు కూడా విప్పకుండా వంటింట్లోకి వెళ్లాడు. శివపార్వతి సింకు దగ్గర గిన్నెలు తోముతోంది.

"ఇవాళ ఆఫీసులో ఇంకొకరి చేత కూడా తాగించి చూశానమ్మా. వెన్నలా ఉందన్నాడు. సీసాలో ఏ తప్పూ లేదు, మిషన్లో ఏ తప్పూ లేదు."

"నాకయితే మరి..."

"నీకయితే చుట్టలు కావాలి. ఆ ముక్క తిన్నగా చెప్పు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు రోజూ ఘాటు, ఘాటు. నేనేమో ప్రతి రాత్రీ కూర్చుని కలుపుతున్నాను. నోట్లో నిప్పు పెట్టుకున్నదానివి, ఇది ఘాటంటే ఎవరు నమ్ముతారు?"

శివపార్వతి కుళాయి కట్టింది. ఆవిడ చేతిలో తోముతున్న గిన్నె అలాగే ఉంది. దాన్ని ఒకసారి కడిగి, బోర్లించి, మళ్లీ తీసి చూసి, మళ్లీ బోర్లించింది.

"నాను సుట్టలు అడిగినానేటి?" అంది చివరికి, మెల్లగా.

"అడగక్కర్లేదు. తెలుస్తూనే ఉంది."

అతను పైకి వెళ్లిపోయాడు. వైదేహి అంతా విని, మెట్ల దగ్గర అతన్ని ఆపుదామనుకుంది. కానీ ఆ రోజు ఆమెకు ఆరుగురు అర్జీదారులు. ఏడో తగువు తీర్చే ఓపిక లేక ఊరుకుంది.

*

గురువారం పొద్దున్న ఏడో సీసా. దాంట్లో కొత్తగా మార్చిందేమీ లేదు. రెండు వారాల కిందట కలిపి, చీకట్లో ఊరబెట్టినది. ఊరితే ఘాటు చస్తుందని ఒక చివరి మాట చదివి ఎప్పుడో పక్కన పెట్టాడు. వేప్‌లో నిండా పోసి, తల్లి చేతికి ఇచ్చి, నోటుబుక్కు తెరిచాడు. రాత్రి మాటలు ఇద్దరి మధ్యా అలాగే నిలబడి ఉన్నాయి.

శివపార్వతి వేప్‌ను పెదాలకు ఆనించి, ఎర్ర దీపం వెలగగానే తీసేసింది.

"బాగుంది," అంది.

"ఘాటు లేదా?"

"లేదురా. బాగుంది."

సంజీవ్‌కు ఎంత తేలికయిందంటే, నవ్వొచ్చింది కూడా. 'సీసా 7, పాస్' అని రాసి కింద గీత గీశాడు. కాల్‌లో ఆ రోజు రోహన్‌తో కూడా పరాచికాలాడాడు. పాపం, రాత్రి కాస్త ఎక్కువ అన్నాను అనుకున్నాడు. అన్నా ఫలితం వచ్చింది కదా అని కూడా అనుకున్నాడు. శుక్రవారం అడిగితే మళ్లీ "బాగుంది" అంది. ఆవిడ ఆ రెండు రోజులూ ఎక్కువ మాట్లాడలేదు. పిల్లకు జడ వేసింది, బట్టలు మడత పెట్టింది, తోటలోకి వెళ్లి షెడ్డు పక్కన ఉత్తినే కాసేపు నిలబడి వచ్చింది.

శనివారం పొద్దున వేప్‌లో ద్రవం నింపుదామని సంజీవ్ దాన్ని తీసి వెలుతురుకు పెట్టి చూశాడు. నిండుగా ఉంది. గురువారం తను పోసిన గీత దగ్గరే ఉంది. ఒక చుక్క తగ్గలేదు.

ముందు అతనికి వచ్చిన ఆలోచన, చుట్టలు ఎక్కడో దొరికాయని. మనవాళ్లు ఎక్కువగా ఉండే హౌన్‌స్లో పేట నుంచి ఎవరైనా తెచ్చి ఇచ్చారేమో. అక్కడి కొట్లలో దొరకని వస్తువు లేదంటారు. తోటలోకి వెళ్లి షెడ్డు వెనక చూశాడు. బూడిద లేదు, పీకలు లేవు, నేల తడిగా శుభ్రంగా ఉంది. తిరిగొచ్చి, తల్లి స్నానానికి వెళ్లినప్పుడు ఆవిడ గదిలో సంచీ విప్పి చూశాడు. ఆ పని చేస్తున్నందుకు ఒక పక్క ఒళ్లు కుంచించుకుపోతోంది. మందుబిళ్లలు, విబూది పొట్లం, మడతపెట్టిన చీరలు. అడుగున, పొగాకు వాసన పోయిన ఒక ఖాళీ గుడ్డసంచీ.

అతను మంచం అంచున కూర్చున్నాడు. చుట్ట లేదు. వేప్ లేదు. నలభై ఏళ్లు నోట్లో పొగ లేకుండా ఒక్క పూట గడవని మనిషి, మూడు రోజులుగా ఏదీ లేకుండా, అడగకుండా, కసరకుండా తిరుగుతోంది. చుట్టల కోసం వంకలు పెట్టే మనిషి అలా ఉండదు. అలా ఉందంటే, ఇప్పుడు నోట్లో పెట్టుకోలేక ఉండాలి.

నానమ్మ ఎప్పుడూ చెంప పట్టుకునే ఉంటుందని నీహారిక అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆవకాయ గుర్తొచ్చింది. ఊది ఊది పక్కన పెట్టిన కాఫీ గుర్తొచ్చింది. అన్నీ అతని కళ్ల ముందే జరిగాయి, రాసుకోవడానికి గడి లేదు కాబట్టి దేన్నీ రాసుకోలేదు. పూలకొట్టు ఆవిడ మాట నమ్మమని రోహన్‌తో వాదించిన మనిషి తనే.

శివపార్వతి తడిజుట్టుకు తువ్వాలు చుట్టుకుని వచ్చింది.

"అమ్మా, ఒకసారి నోరు తెరు."

"ఎందుకురా?"

"చూడాలి."

"సీ, ఊరుకో. ఏటి సూస్తావు, నల్లగా మాడిపోయి ఉంటాది." నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అడ్డపొగ కాల్చే ఆడవాళ్లు కొడుకుల ముందు నోరారా నవ్వరు, ఆవులించినా చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. చిన్నప్పటి నుంచీ అతను తల్లి పళ్లు ముందర నాలుగే చూశాడు.

"కిటికీ దగ్గరికి రా. ఒక్కసారి."

బతిమాలగా బతిమాలగా కూర్చుంది. తల వెనక్కి వాల్చి, కళ్లు గట్టిగా మూసుకుని నోరు తెరిచింది. సంజీవ్ ఫోను దీపం వెలిగించి వంగాడు. అంగిలి అంతా తెల్లగా, చల్లారిన గంజి మీద తెట్టు కట్టినట్టు మందంగా ఉంది. దాని మీద ఆవగింజల్లా ఎర్రటి చుక్కలు. ఎడమ పక్క, లోపలికి, చింతగింజంత మేర ఆ తెలుపు లేదు. అక్కడ పచ్చి పుండు, అంచులు పైకి లేచి ఉన్నాయి.

అతను దీపం ఆర్పి తల్లి పక్కన కూర్చున్నాడు.

"ఎప్పట్నుంచి?"

"రథసప్తమికి ముందే. అప్పుడు ఇంత లేదు."

రథసప్తమి జనవరి నెలాఖరున వెళ్లింది. అతను మొదటి సీసా కలపడానికి రెండు వారాల ముందు.

"మరి బాగుందని ఎందుకన్నావమ్మా?"

"బాగుందంటే నువ్వు మానేస్తావని," అంది శివపార్వతి, నోరు తుడుచుకుంటూ. "పగలంతా ఆ డబ్బా ముందర కూకుంటావు. రాత్రి మళ్లీ సీసాలు. కళ్లు సూడు, ఎలగ లోపలికి పోనాయో."

సంజీవ్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. లేచి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. బయట పక్కింటాయన చెత్తడబ్బా ఈడ్చుకుంటూ వెళ్తున్నాడు. తల్లిని ముట్టుకోవాలనిపించింది, ఎక్కడ ముట్టుకోవాలో తోచలేదు. చివరికి ఆవిడ తల మీది తువ్వాలు విప్పి, తడిజుట్టు తుడవడం మొదలుపెట్టాడు. ఆవిడ వద్దనలేదు.

వైదేహి ఆ పూటంతా ఫోన్ల మీదే ఉంది. ఇతరుల అర్జీలను ఏ బల్ల మీద నుంచి ఏ బల్ల మీదకు తొయ్యాలో తెలిసిన ఆడది, అత్తగారి కోసం మొదటిసారి ఎవరి "చూద్దాం"నీ ఒప్పుకోలేదు. నలుగురిని అడిగి, ఇద్దరితో పోట్లాడి, సోమవారం ఉదయానికి ఒక డెంటల్ క్లినిక్కులో చోటు సంపాదించింది. ఫోను పెట్టేశాక వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది. నేను చూశాను కదా, ఆవకాయ సంగతి నేను చూశాను కదా అని.

*

డెంటిస్టు పొట్టిజుట్టు ఇంగ్లీషావిడ, యాభై దాటి ఉంటాయి. కుర్చీ వెనక్కి వాల్చే ముందు శివపార్వతి చెయ్యి పట్టుకుని ఏదో అంది. భాష తెలియకపోయినా శివపార్వతి తల ఊపింది. సంజీవ్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆ మాటలు ఇటు, ఈ మాటలు అటు చేరవేస్తున్నాడు.

రోజుకు ఎన్ని కాల్చేవారు? ఆరు, పండగ పనులుంటే పది. ఎన్నేళ్లు? పెళ్లయిన రెండో ఏటి నుంచి. నిప్పున్న వైపు లోపలికి పెట్టుకుంటారని సంజీవ్ చెప్పినప్పుడు డెంటిస్టు పెన్ను ఆగింది. తన వేలును పెదాల దగ్గర పెట్టి, ఇలాగా అని శివపార్వతిని అడిగింది. శివపార్వతి ఆవిడ వేలును మెల్లగా తిప్పి, ఇలాగ అని చూపించింది.

"చదివాను. చూడటం ఇదే మొదటిసారి," అంది డెంటిస్టు. ఆ గొంతులో వింత చూసిన ధోరణి లేదు. సంజీవ్‌కు ఆవిడ మీద గౌరవం కలిగింది.

అద్దంతో, దీపంతో చాలాసేపు చూసింది. గ్లోవ్స్ వేలితో మెడ కింద, దవడల కింద తడిమింది. ఫోటోలు తీసింది. కుర్చీ పైకి లేపి, తను కూడా స్టూలు మీద కూర్చుని, ఇది ఏమిటో తాను చెప్పలేనని, చిన్న ముక్క తీసి పరీక్షించాలని, అది ఆసుపత్రిలో చెయ్యాలని చెప్పింది. ఈ వారమే అర్జంటు ఉత్తరం రాస్తానంది. మంచిదే కావచ్చు, కాకపోనూ వచ్చు. సంజీవ్ మొదటి మాట తల్లికి చెప్పాడు. రెండోది చెప్పడానికి మాటలు వెతుక్కుంటుంటే, "తెలిసిందిలేరా," అంది శివపార్వతి.

"ఇంకొక్క ప్రశ్న," అంది డెంటిస్టు, కంప్యూటరు వైపు తిరుగుతూ. "ఆరు వారాలు చాలా ఎక్కువ సమయం. ఇంత మంటతో ఉండి, ఈవిడ ఎవరికీ చెప్పలేదా?"

సంజీవ్ ఆ ప్రశ్నను తల్లికి చెప్పాడు.

శివపార్వతి అతని వైపు ఆశ్చర్యంగా చూసింది. ఆ చూపులో నిష్ఠూరం లేదు. తెలిసిన సంగతి మళ్లీ ఎందుకు అడుగుతున్నాడో అర్థం కాలేదు, అంతే.

"సెప్పకేటి. నీకు రోజూ సెప్పినాను గదరా, పొద్దున్నే."

డెంటిస్టు వేళ్లు కీబోర్డు మీద ఆగి ఉన్నాయి. ఆవిడకు తెలుగు రాదు, తల్లికి ఇంగ్లీషు రాదు. గదిలో ఆ రెండూ తెలిసినవాడు అతనొక్కడే. పాపం, ఆవిడకు తెలియలేదు అనవచ్చు. పల్లెటూరి మనిషి, సిగ్గుపడింది అనవచ్చు. డెంటిస్టు నమ్ముతుంది, జాలిగా తల కూడా ఊపుతుంది. ఆ మాటలు అతని నాలుక చివరిదాకా వచ్చాయి.

"చెప్పింది," అన్నాడు ఇంగ్లీషులో. "నాకు చెప్పింది. రోజూ చెప్పింది. నేను వినలేదు."

డెంటిస్టు అతని ముఖం వైపు ఒక క్షణం చూసి, టైపు చేసుకుంది. ఆ చప్పుడు అయిపోయాక శివపార్వతి కొడుకు మోచెయ్యి తట్టింది.

"ఏటి సెప్పినావురా ఆవిడికి?"

"నువ్వు చెప్పిందే చెప్పానమ్మా."